మనము కోరని వాక్యము

తన్ను తాను దిద్దుకొనదలచినవాడు సాధారణముగా మొట్టమొదట చేయు పని, తనకు నచ్చిన గ్రంథమును తెచ్చుకొని, అందు తనకు నచ్చిన పంక్తుల క్రింద గీతలు గీసికొనుట. పైకి ఇది మంచి పనివలెనే కనబడును గాని, కొంచెము నిలిచి పరిశీలించినచో ఇందొక సూక్ష్మమైన ఆత్మవంచన దాగియున్నట్లు తెలియగలదు. ఓర్పు లేనివాడు ఓర్పును గూర్చిన అధ్యాయమును దాటి ధైర్యమును గూర్చిన అధ్యాయమునకు పోవును. లోభి దానమును గూర్చిన మాటలను రేపటికి వాయిదా వేసి పొదుపును మెచ్చుకొను సామెతలను కంఠస్థము చేయును. కోపిష్ఠి క్రీస్తు జీవితమంతటిలోను, దేవాలయమున ఆయన వర్తకుల బల్లలను పడద్రోసిన ఘట్టమునొక్కదానిని ఎన్నడును మరువడు. ఎన్నుకొను మనస్సే దిద్దుబాటు కోరుచున్న మనస్సైనప్పుడు, ఆ యెన్నికవలన దానికి కలుగు ఉపకారమెంత?

కథోలిక తిరుసభ ఈ చిక్కును విడదీసిన మార్గము విలక్షణమైనది. ఏ దినమున ఏ పఠనము, ఏ దినమున ఏ పునీతుని స్మరణ అను విషయమును అది భక్తుని యిష్టమునకు విడువక, ముందుగానే నిర్ణయించి, ఒక పంచాంగముగా కూర్చి అతని చేతికిచ్చినది. నిద్ర లేచి తిథి యేమో చూచుకొను పెద్దలున్న యిండ్లలో పెరిగిన మనకు ఈ పద్ధతి వింతగా తోచదు. అయితే దీనిని గురువులకును దేవాలయమునకును సంబంధించిన వ్యవహారముగా ఎంచి ఊరకుండువారే పెక్కుమంది. ఇది యింటిలో, ఒంటరిగా, పది పదునైదు నిముషములలో సాగింపదగిన శీలసాధన అని చెప్పుటయే ఈ అధ్యాయమున నేను చేయబూనిన పని.

మూడవ శతాబ్ది యుత్తరార్ధమున ఐగుప్తుదేశమున అంతోని యను యువకుడుండెను. తలిదండ్రులు గతించి ఆరు మాసములైనను నిండలేదు. సారవంతమైన పొలము, చిన్న చెల్లెలు అతని పోషణలో మిగిలిరి. ఒకనాడతడు, అపోస్తలులు సమస్తమును విడిచి క్రీస్తును వెంబడించిన విధమును తలచుకొనుచు దేవాలయములో అడుగు పెట్టునప్పటికి, ఆనాటి సువిశేష పఠనము జరుగుచుండెను: పరిపూర్ణుడవు కాగోరుదువేని నీకున్నదెల్ల అమ్మి పేదలకిమ్మని ధనికుడైన యువకునితో క్రీస్తు చెప్పిన ఘట్టమది. అంతోని వెలుపలికి పోయి పొలమును గ్రామస్థులకిచ్చివేసి, సామగ్రినమ్మి పేదలకు పంచి, చెల్లెలికై కొంత మాత్రము నిలుపుకొనెను. మరియొకమారు అదే దేవాలయమున, రేపటిని గూర్చి చింతింపవద్దను వాక్యము చెవిని బడినది. ఆ నిలుపుకొనిన దానిని గూడ ఇచ్చివేసి, చెల్లెలిని భక్తురాండ్ర సంరక్షణమున నుంచి, తాను తపస్సునకు వెడలిపోయెను. అంతోనివారి చరిత్రను వ్రాసిన అలెగ్జాండ్రియా పీఠాధిపతి అతనాసియుసు ఈ రెండు సందర్భములను వరుసగా చెప్పుటలో ఒక విశేషమున్నది. మొదటి పఠనము విన్నవాడే యైనను, అంతోని రెండవ పఠనము నాటివరకు కొంత దాచుకొనియే యుండెను. వాక్యము ఒక్కనాడే పని ముగించునదికాదు. అది మరల మరల, వేరు వేరు వైపులనుండి వచ్చి తట్టవలెను. దినపఠనము యొక్క ఉపయోగమిదియే.

ఆ చరిత్ర దూరము ప్రయాణము చేసి, 386వ సంవత్సరమున మిలాను నగరమునందలి యొక తోటలో మరియొకని జీవితమును మలుపు తిప్పినది. అగుస్తీనువారు ఆ దినముననే ఒక మిత్రుని నోట అంతోనివారి కథను వినియుండిరి. మనస్సు రెండుగా చీలి తోటలో విలపించుచుండగా, ఎచ్చటినుండియో ఒక పసివాని కంఠము చదువుమని పదే పదే పలుకుట వినబడగా, అంతోనికి చెవిని బడిన వాక్యమే ఆజ్ఞయైనట్లు తనకును కావచ్చునని తలచి, పౌలు లేఖల గ్రంథమును తెరచి, కన్ను మొదట పడిన చోట, అనగా రోమీయులకు వ్రాసిన లేఖ పదుమూడవ అధ్యాయము చివర, చదివిరి. ప్రక్కనున్న స్నేహితుడు అలీపియుసు గ్రంథమును తీసికొని అటు తరువాతి వాక్యమును తనకై గ్రహించెను.

ఈ కథను ఆధారము చేసికొని, కష్టము వచ్చినప్పుడెల్ల బైబులును కన్నులు మూసికొని తెరచి, వ్రేలు పడిన వాక్యమును దైవజ్ఞవచనముగా తీసికొను అలవాటు కొందరికి గలదు. అట్టివారు రెండు సంగతులను మరచుచున్నారు. వ్రేలు పడిన వాక్యము నచ్చకున్నచో రెండవమారు తెరచువారిని నేనెరుగుదును. కావున అదియు కడకు ఎన్నికయే. ఇక రెండవది, తరువాతి కాలమున అగుస్తీనువారే ఒక లేఖలో, లోకవ్యవహారములకై సువార్త పుటలనుండి శకునములు తీయు ఆచారము తనకు సమ్మతము కాదని వ్రాసియున్నారు. యాదృచ్ఛికము వేరు, క్రమము వేరు. క్రమము ఇచ్చిన వాక్యము మన కష్టమును ఎరిగి వచ్చినట్లు నటింపదు. అది తన దారిన తాను వచ్చును. దానిని ఎదుర్కొనుట మన పని.

ఫ్రాన్సిస్ అస్సీసి వారి విషయమున ఇది మరింత స్పష్టము. 1208-09 ప్రాంతమున పోర్సియుంకులా అను చిన్న గుడిలో పూజ వినుచుండగా, శిష్యులు బంగారమునుగాని వెండినిగాని జోలెనుగాని రెండు అంగీలనుగాని తీసికొని పోరాదను సువిశేషమును గురువు చదివెను. ఫ్రాన్సిసు పూజయైన వెంటనే ఆ గురువును సమీపించి, ఆ భాగమును తనకు వివరింపుమని అడిగెనట. ఆ వివరణము విన్న పిదపనే పాదరక్షలను విడిచి, చేతికర్రను వదలి, నడికట్టునకు మారుగా త్రాటిని కట్టుకొనెను. భావావేశమున పరుగెత్తిన భక్తునిగా ఆయనను చిత్రించువారు, నడుమనున్న ఈ చిన్న ప్రశ్నను విడిచిపెట్టుదురు. విన్నాడు, అడిగినాడు, పిదప చేసినాడు. మనలో అనేకులము విందుము. కొందరము చేయుదుము కూడ. అడుగువారు మాత్రము అరుదు.

ఇక ఈ పఠనక్రమము కూర్పబడిన తీరును కొంత తెలిసికొనుట అవసరము. ఏలయన, తాను ఏ దారిలో నడచుచున్నాడో తెలియనివానికి ప్రతిదినపఠనము తెగిన పూసలవలె తోచి, త్వరలోనే విసుగు పుట్టించును. 1969 వరకు పూజాగ్రంథమున ఏటికొక్క ఆవృత్తి మాత్రమే యుండెడిది. ఆదివారములలో పాత నిబంధన భాగములు మిక్కిలి తక్కువ. తపస్కాలము వెలుపల సామాన్య దినములకు సొంత పఠనములే దాదాపు లేకుండెను. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవార్చనను గూర్చి వెలువరించిన శాసనము, వేదగ్రంథ భాండాగారమును విశ్వాసులకు మరింత విరివిగా తెరువవలెనని ఆదేశింపగా, ఆరేండ్ల పరిశ్రమానంతరము క్రొత్త పఠనక్రమము ఏర్పడినది. ఆదివారములకు మూడేండ్ల ఆవృత్తి: ఒక యేట మత్తయి, ఒక యేట మార్కు, ఒక యేట లూకా. మార్కు సువార్త చిన్నది కావున ఆ యేట నడుమ ఐదు ఆదివారములు యోహాను ఆరవ అధ్యాయము చేరును. ఏ యేడు ఎవరిదో తెలిసికొనుట సులభము: మూడు చేత శేషము లేక భాగింపబడు సంవత్సరము లూకాది, 2025 అట్టిదే. దాని తరువాతిది మత్తయిది, అటు పిమ్మటిది మార్కుది. అయితే ఆ యేడు జనవరితో గాక, అంతకు ముందరి ఆగమన కాలముతోనే ఆరంభమగునని జ్ఞప్తియందుంచుకొనవలెను.

వారపు దినముల ఏర్పాటు వేరు. సామాన్య కాలమున మొదటి పఠనము సరిసంఖ్య, బేసిసంఖ్య సంవత్సరములనుబట్టి మారుచుండును. సువిశేషము మాత్రము ఏటేటను అదియే. మొదటి తొమ్మిది వారములు మార్కు, పదవ వారము నుండి ఇరువదియొకటవ వారము వరకు మత్తయి, అటు పిమ్మట ముప్పదినాలుగవ వారము వరకు లూకా. యోహాను విశేషముగా తపస్కాలపు ఉత్తరార్ధమునను పాస్కా కాలమునను వినబడును. ఇట్లు రెండేండ్లు తప్పక చదివినవానికి, ఒక సువిశేషము రెండవమారు వచ్చినప్పుడు, దానితో జోడింపబడిన మొదటి పఠనము మారియుండుట వలన, తెలిసిన వాక్యమే తెలియని ముఖముతో కనబడును. మానవుని స్వభావమును బాగుగా ఎరిగినవారు చేసిన ఏర్పాటిది. పూర్తిగా క్రొత్తదైనచో నిలువదు; పూర్తిగా పాతదైనచో వినబడదు.

పునీతుల దినములు ఈ ప్రవాహముపై తేలు దీపములు, ప్రవాహము కావు. ఈ భేదమును గుర్తింపనివారు, ప్రతిదినము ఒక పునీతుని కథను చదివి, ఆశ్చర్యపడి, ఆనందించి, అంతటితో భక్తి ముగిసినదని తలంచెదరు. తిరుసభ నియమము వేరుగా నున్నది. మహోత్సవము, ఉత్సవము, స్మరణ అని పునీతుల దినములకు తరతమములు గలవు. మహోత్సవమునకు సొంత పఠనములుండును. కాని స్మరణ దినమున సాధారణముగా వారపు దినపు వరుస పఠనమే చదువవలెను. తపస్కాలమున స్మరణలు మరింత ఒదిగిపోవును. జోజప్పవారంతటివారి మహోత్సవము కూడ, మార్చి 19 తపస్కాలపు ఆదివారమున పడినచో, ఆ ఆదివారమునకు దారి విడిచి మరునాటికి జరుగును. 2023లో అట్లే మార్చి 20న జరిగినది. తోమాసువారి ఉత్సవము పూర్వము డిసెంబరు 21న ఉండగా, క్రిస్మసునకు ముందరి దినముల క్రమము భంగము కాకుండుటకై 1969 నాటి సవరణలో జూలై 3నకు మార్పబడినది. ఆ తేదీ సిరియా సంప్రదాయమువారు ఏనాటినుండియో పాటించుచున్నదే. మైలాపూరులో ఆ అపోస్తలుని సమాధిని దర్శించు మనకు అది మరింత తగియున్నది. అసాధారణమైనది నిత్యమైనదానికి దారి విడువవలెనను ఈ సూత్రమును, అతిథులు వచ్చిరనియు పండుగలు వచ్చెననియు నిత్యకృత్యములను నెలల తరబడి మానివేయు మనము, భక్తివిషయమున మాత్రమే గాక సర్వత్ర అనుసరింపదగును.

పునీతుని దినమని చెప్పబడునది సామాన్యముగా అతడు మరణించిన దినము. రెండవ శతాబ్దిలోనే, స్ముర్న పీఠాధిపతి పోలికార్పువారు అగ్నికి ఆహుతియైనప్పుడు, ఆ దినమును ఆయన జన్మదినముగా ఏటేట పాటింతుమని అచ్చటి విశ్వాసులు వ్రాసిరి. పుట్టుకను కొనియాడుట ముగ్గురికే: క్రీస్తునకు, మరియమాతకు, స్నాపక యోహానునకు. ఈ ఆచారము వ్యక్తిత్వసాధకునకు చెప్పుచున్నదేమన, ఆరంభమును చూచి ఎవనిని మెచ్చుకొనవద్దని. అగుస్తీనువారి యౌవనమునుబట్టి ఆయనకు పంచాంగమున చోటు దొరకియుండునా? ఆగస్టు 28 ఆయన దినము. ఆ కుమారునికై యేండ్ల తరబడి ఏడ్చిన తల్లి మోనికమ్మ దినము, పూర్వము మే 4న ఉన్నదానిని తెచ్చి, ఆగస్టు 27న కుమారుని ప్రక్కనే నిలిపిరి. పంచాంగమును కూర్చినవారి హృదయము ఇట్టి చోట్ల తెలియును.

తేదీల విషయమున మూఢపట్టుదల కూడదనుటకు అవిలాపురి తెరేసమ్మ మరణమే సాక్ష్యము. ఆమె 1582 అక్టోబరు 4 రాత్రి కన్నుమూసెను. ఆ రాత్రియే గ్రెగోరీ పాపుగారి సంస్కరణముచే పది దినములు పంచాంగమునుండి తీసివేయబడినందున, తెల్లవారునప్పటికి అక్టోబరు 15 అయినది. ఆమె స్మరణను నేటికిని అక్టోబరు 15నే కొనియాడుదురు. మరణించిన రాత్రికిని మరునాటి ఉదయమునకును నడుమ పది దినములు మాయమైన మనిషి ఆమె! జీవితమంతయు ఆచరణసిద్ధమైన బుద్ధితోను, హాస్యముతోను మఠములను కట్టించుచు తిరిగిన ఆ తల్లి, ఈ సంగతి తెలిసియుండినచో తప్పక నవ్వియుండును.

పంచాంగములోని మూడు దినములను నేను ప్రత్యేకముగా పేర్కొనదలచితిని. డిసెంబరు 25న దేవాలయమంతయు శ్వేతవస్త్రములతో, పశువులపాకతో, పాటలతో నిండియుండును. మరునాడే గురువు ఎఱ్ఱని వస్త్రము ధరించును; అది రాళ్ల దెబ్బలకు ప్రాణమర్పించిన స్తెఫానువారి దినము. 27న యోహానువారు. 28న మరల ఎఱుపు: హేరోదు చంపించిన పసిబిడ్డల దినము. పండుగ పిండివంటలు ఇంకను డబ్బాలలోనే యుండగా, బేత్లెహేము తల్లుల యేడుపును వినిపించు ఈ ఏర్పాటును మనలో ఎవడును తనకై తాను ఎన్నుకొనియుండడు. సంతోషమును చెడగొట్టుట దీని ఉద్దేశము కాదు. సంతోషము మనస్సును మెత్తపరచియున్న సమయముననే పరుల దుఃఖమును దానిపై ముద్రించుట.

ఇప్పుడు ఆచరణకు వత్తము. ఆదివారములును మహోత్సవములును ముందునాటి సాయంకాలముననే ఆరంభమగునని తిరుసభ నియమము. ఈ మర్యాదను సాధకుడు అన్ని దినములకును విస్తరింపవచ్చును: రేపటి పఠనములను ఈ రాత్రి ఒకమారు, త్వరగానైనను, చదివి నిద్రపోవలెను. ఉదయమున చదువుట అప్పుడు రెండవమారు అగును. రెండవమారు చదివినదే నిజమైన చదువు. పైకి, తనకు వినబడునట్లు, చదువుట మేలు. కన్ను దాటిపోవు మాటను నాలుక దాటనీయదు. ఫోనులో ప్రతి ఉదయము వచ్చిపడు పఠనము కూడ పఠనమే; దానిని పెద్దవారు నిందించినంతగా నేను నిందింపను. ఆ పఠనమును ముగింపక మునుపే అదే తెరపై వేరొక కబురు వచ్చి కన్నును లాగివేయుట మాత్రము దానిలోని దోషము. ముద్రిత గ్రంథమునకు ఆ దుర్గుణము లేదు.

పండ్రెండవ శతాబ్దిలో గీగో అను ఫ్రెంచి సన్న్యాసి వేదపఠనమునకు నాలుగు మెట్లు చెప్పెను: పఠనము, మననము, ప్రార్థన, ధ్యానము. శ్రవణమనననిదిధ్యాసలను విన్న తెలుగు పాఠకునకు ఈ మార్గము పరాయిది కాదు. ఆరంభదశలో నాలుగును సాధింపబోయి ఒకటియు సాధింపకుండుట కంటె, మొదటి రెంటిని పట్టుకొనుట మంచిది. చదివినదానిలో ఒక్క వాక్యమును, సాధ్యమైనంతవరకు తనకు నచ్చనిదానిని, పగలంతయు వెంట ఉంచుకొనవలెను. నచ్చిన వాక్యము ఎట్లును వచ్చును, పిలువనవసరము లేదు.

ఒకనాడు తప్పిపోయినచో? తప్పిపోవును, అందరికిని తప్పును. అట్టి సమయమున వెనుకటి దినములను కూడబెట్టి ఒక్క రాత్రి చదివి అప్పు తీర్చుకొనబోవుట మిక్కిలి హానికరము. వారము దినముల బాకీ పెరిగిన పిమ్మట మనస్సు మొత్తమునే ఎగవేయజూచును. పంచాంగము మనకొరకు ఆగలేదు; మనము దానికి ఋణపడియుండలేదు. నేటి పుటను తీసి నేటిది చదువుటయే తగిన పని.

పునీతుల విషయమున, మూడు వందల యరువదియైదు మందితోను స్నేహము చేయబోయినవానికి ఒక్కడును స్నేహితుడు కాడు. మొదట తన పేరునకు సంబంధించిన పునీతుని పట్టుకొనవలెను. గుంటూరు ప్రాంతపు పాత కథోలిక కుటుంబములలో ఇన్నయ్య, శౌరయ్య, జోజప్ప, రాయప్ప, లూర్దమ్మ మొదలగు పేర్లు తరతరములుగా వచ్చుచున్నవి. ఇన్నయ్యకు జూలై 31, శౌరయ్యకు డిసెంబరు 3, లూర్దమ్మకు ఫిబ్రవరి 11. ఆ పదునొకండవ తేదీన విజయవాడ గుణదల కొండకు ఎక్కు జనసందోహములో తలనీలములిచ్చువారు, టెంకాయ కొట్టువారు, కొవ్వొత్తులు వెలిగించువారు ఎందరో యుందురు. తిరునాళ్లను చులకన చేయు చదువరుల గుంపులో నేను చేరను. అయితే కొండ దిగివచ్చిన సాయంకాలమున, 1858లో అదే తేదీన లూర్దు గుహయొద్ద కట్టెపుల్లలు ఏరుకొన వెళ్లిన పదునాలుగేండ్ల పేద బాలిక బెర్నదెత్తు కథను పిల్లలకు చెప్పు ఇల్లు మరి యెక్కువ పొందును.

ఇన్నయ్య యను పేరు ఇన్యాసివారిదే గనుక, ఆయన నేర్పిన యొక ఉపాయమును గూడ చెప్పవలెను. 1521లో పాంప్లోనా కోటయొద్ద ఫిరంగిగుండు తగిలి కాలు విరిగి, లొయోలాలోని యింట మంచముపై పడియున్నప్పుడు, ఆయన కోరినవి వీరుల ప్రణయసాహస గాథలు. ఆ యింట అవి లేకుండెను. దొరికినవి రెండు: క్రీస్తు చరిత్ర యొకటి, పండుగల వరుసలో కూర్పబడిన పునీతుల కథలు మరియొకటి. విధిలేక చదువసాగెను. తన సాహసములను, తాను మెప్పింపదలచిన రాణివాసపు స్త్రీని గూర్చి ఊహించినంతసేపు ఆనందముగనే యుండెను, కాని ఊహ తీరిన పిమ్మట మనస్సు ఎండిపోయెడిది. ఫ్రాన్సిసు వలె, దోమినిక్కు వలె నడువవలెనని తలచినప్పుడో, తలపు పోయిన పిమ్మట కూడ ఆనందము నిలిచియుండెడిది. ఈ భేదమును కనిపెట్టుటయే తరువాత ఆయన ఆధ్యాత్మిక సాధనములన్నిటికిని పునాదియైనది. కావున సాధకుడు చదివిన వెంటనే కలిగిన భావమును గాక, మధ్యాహ్నము మూడు గంటలకు మిగిలిన భావమును ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనుట మంచిది. ఒక్క పంక్తి చాలును. నెల తిరిగిన పిమ్మట ఆ పంక్తులను వరుసగా చదివినచో, తన కోపము ఏ వాక్యములయొద్ద మేల్కొనుచున్నదో, తన భయము ఏ వాక్యములను చూచి తప్పుకొనుచున్నదో తెలియును.

ఎప్పుడు ఆరంభింపవలెనని అడుగుదురు. దైవార్చన సంవత్సరము నవంబరు 30నకు సమీపమున వచ్చు ఆదివారముతో మొదలగును గనుక, అంతవరకు వేచియుందుమనువారు కలరు. వేచియుండుట మన జాతికి ఎంతో ఇష్టమైన సాధన. జూలైలో ఆరంభించువానికి మత్తయి దొరకును. ఆగస్టు చివరనో సెప్టెంబరు మొదటనో, ఇరువదిరెండవ వారపు సోమవారమున ఆరంభించువానికి లూకా, నాలుగవ అధ్యాయముతో ఎదురువచ్చును. ఆ సోమవారపు సువిశేషము, క్రీస్తు నజరేతు ప్రార్థనామందిరమున చదువుటకు నిలుచుండగా యెషయా ప్రవక్త గ్రంథమును ఆయన చేతికిచ్చిన ఘట్టము. ఆయన చదివి, గ్రంథమును చుట్టి ఇచ్చి కూర్చుండెను. మొదట మెచ్చుకొనిన ఆ యూరివారే, ఆ చదివినది తమకును వర్తించునని గ్రహించినంతనే, లేచి ఆయనను కొండకొమ్ము వరకు తరుముకొనిపోయిరి.